సున్నపుకుండలో పడ్డ పురుగులు

చల్లగది కరెంటు తీసేసింది మీరే. పరిశోధనశాల పాలక మండలి పెద్దలారా, మిమ్మల్నే అంటున్నాను. అటెండరు చెయ్యి పొరపాటున స్విచ్చికి తగిలిందని పేపరువాళ్లకు చెప్పి తప్పించుకున్నారు. ఆ స్విచ్చి ఇనుప పెట్టెలో ఉంది. పెట్టెకు తాళం ఉంది. తాళంచెవి మీ దగ్గర ఉంది. అటెండరు సూర్నారప్పకు ఆ గది తలుపు రంగు తప్ప ఇంకేమీ తెలియదు.

ఆ గదిలో ఉన్నవి పట్టుపురుగు గుడ్లు. కాగితాల మీద గసగసాలు అంటించినట్టు ఉంటాయి. చల్లగా ఉన్నంతకాలం నిద్రపోతాయి. చలి పోతే పగిలి పురుగులు బయటికొస్తాయి. అలా వచ్చిన పురుగుకు వేళకు మల్బరీ ఆకు అందకపోతే చచ్చిపోతుంది. ఇవన్నీ మీకు తెలుసు. మీ చేతికి మట్టి అంటకుండా అవి వాటంతటవే చచ్చేలా ఏర్పాటు చేశారు. దానికి మీరు పెట్టుకున్న పేరు 'ప్రాజెక్టు ముగింపు'.

ఆ గుడ్లలో ఉన్నది పట్టు కాదు. ఎనిమిదేళ్ల గౌసియా ప్రాణం.

నా పేరు మారెక్క. చిన్నరాయనపాళ్యంలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీస్తాను. మా షెడ్డులో నా పక్క బేసిన్, అంటే గూళ్లు ఉడికే తొట్టి, ఖాదర్ వలీది. గౌసియా అతని కూతురు. తల్లి కాన్పులోనే పోయింది. ఆ పిల్ల ఆవిరి పొగలో, మా చీరకుచ్చిళ్ల మధ్య పెరిగింది. నాలుగో ఏటిదాకా బేసిన్ల సందుల్లో కోడిపిల్లలా పరిగెత్తింది. ఆ తర్వాత పొట్ట ఉబ్బడం మొదలైంది. కాళ్లు తడబడ్డాయి. మాటలు ఒక్కొక్కటే జారిపోయాయి. మొదట 'చరకా' అన్న మాట పోయింది. తర్వాత మా పేర్లు పోయాయి. ఒకరోజు దాహంతో గ్లాసు చూపించి ఏడ్చింది గానీ 'నీళ్లు' అనలేకపోయింది.

పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, పిల్ల ఒంట్లో ఒక ఎంజైము తయారు కావడం లేదన్నారు. బయటినుంచి ఎక్కించాలన్నారు. ఎక్కడ దొరుకుతుందని ఖాదర్ అడిగితే, ఈ రకం ప్రపంచంలో ఎవరూ తయారు చెయ్యరన్నారు. ఇంత తక్కువమందికి వచ్చే జబ్బుకు మందు చేస్తే ఎవరికీ గిట్టదట.

డాక్టర్ కృపావతి మా షెడ్డుకు వచ్చింది గౌసియా కోసం కాదు. స్టీలు టిఫిన్ డబ్బా పట్టుకుని ప్యూపాల కోసం, గూడు లోపలుండే పురుగుల కోసం వచ్చింది. గుంటూరు మనిషి. ఆవిరి వాసనకు ముక్కు మూసుకోలేదు. అందుకే ఆమెతో మాట్లాడాను.

"వేడినీళ్లలో పడనివి కావాలండీ. బతికున్నవి," అంది.

"బతికినవి మా కాడ యాడుంటాయి మేడం? మా పనే సంపేది," అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. మూలన గోనెసంచి మీద కూర్చున్న గౌసియాను చూసింది. దగ్గరికెళ్లి పొట్ట తడిమింది, కళ్లు చూసింది. ఖాదర్ చెప్పినదంతా విన్నది. తర్వాత చేతిలోని డబ్బా కింద పెట్టి అడిగింది.

"మీ షెడ్డులో తెగిన పీచు ఎవరెత్తుతారు?"

"హనుమక్క. దినామూ ఎత్తి పక్కకేస్తాది," అన్నాడు ఖాదర్.

"ఆవిడ నెల రోజులు రాకపోతే?"

"కాళ్లకు సుట్టుకోని మేమే బేసిన్లో పడతాం మేడం."

"ఈ పాప ఒంట్లో హనుమక్క రావట్లేదు."

ఆ ఒక్క మాటతో ఖాదర్‌కు పెద్దాసుపత్రిలో ఎవరూ చెప్పలేనిది అర్థమైంది. చరకా ఆపేసి నేల మీద కూర్చున్నాడు.

ఆ రోజు ఆమె చెప్పిన సంగతిని నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు. నా బడి ఆరో తరగతితో ఆగింది. మిగతా చదువంతా పాత పుస్తకాల కొట్లోనూ ధర్నా టెంట్లలోనూ సాగింది. ఏ పుస్తకంలోనూ నా నోరు ఇంతగా తెరిపించిన సంగతి చదవలేదు.

మన ఒంట్లోని కణం లోపల చిన్న చిన్న సంచులుంటాయి. వాటి పేరు లైసోజోములు. లోపలంతా పులుపు. ఆ పులుపులో ఎంజైములు ఉంటాయి. అవి కత్తెరల్లాంటివి. కణంలో పనిచేసి పనిచేసి వంకరపోయిన ప్రొటీన్లు, విరిగిన ప్రొటీన్లు ఆ సంచుల్లోకి చేరతాయి. కత్తెరలు వాటిని కత్తిరించి చిన్న చిన్న ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు చెత్తకుప్పకు పోవు. సంచి గోడ దాటి బయటికి వస్తే కణం వాటితోనే కొత్త ప్రొటీను అల్లుకుంటుంది. చూడండి, మనం నిద్రపోతున్నా ఈ పని సాగుతూనే ఉంటుంది. మేస్త్రీ లేడు, సూపర్‌వైజరు లేడు, విజిల్ లేదు.

"మేడం, ఆ కత్తెరలు సంచి సినిగి బయట పడితే? కణాన్నే కోసెయ్యవా?" అని అడిగాను.

ఆమె నావైపు కొత్తగా చూసింది. "మంచి ప్రశ్నండీ. సంచి బయట అంత పులుపుండదుగా. అది లేనిచోట వాటికి పెద్దగా పదునుండదు."

ఈ ఏర్పాటు ఎవరు చేశారో నాకు తెలియదు. ఎవరు చేసినా, ఏ అసెంబ్లీలోనూ ఇంత బుద్ధిగల చట్టం పుట్టలేదు. ఆయుధం చేతికిచ్చి, ఆ గది దాటితే అది మొద్దుబారిపోయేలా చెయ్యడం! మా షెడ్డు బాయిలరుకే సరైన వాల్వు లేదు.

గౌసియా సంచుల్లో ఒక కత్తెర తక్కువ. ఒకే ఒక్కటి. దాంతో తెగాల్సిన ప్రొటీను తెగకుండా పేరుకుపోతోంది. కాలేయంలో, ప్లీహంలో, చివరికి మెదడులో.

"మరి మీకు ప్యూపాలెందుకు?" అన్నాడు ఖాదర్.

"గూడు కట్టేశాక లోపల పురుగు ఏం చేస్తుందో మీకు తెలుసా?"

బతుకంతా గూళ్ల మధ్య గడిపాం. ఎన్నడూ తెలుసుకోలేదు. అది ఏదైనా చేసేలోపే మేం ఉడకబెట్టేస్తాం.

పట్టు అల్లడం అయిపోగానే పురుగు తన పట్టుగ్రంథిని తానే అరిగించేసుకుంటుందట. కాళ్ల కండలనూ అంతే. ఇవే సంచులు, ఇలాంటి కత్తెరలే. ఇక పనికిరాని ఒంటిని ముక్కలు చేసి, అదే సరుకుతో రెక్కలు కట్టుకుంటుంది. ఆ వేళ పురుగు ఒంట్లో కత్తెరలు కుప్పలుగా తయారవుతాయి. పురుగులతో ఇలాంటి మందు చెయ్యాలని అప్పటికే నాలుగేళ్లుగా పాటుపడుతున్న కృపావతి, గౌసియాను చూశాక చేసింది ఇదీ: గౌసియా ఒంట్లో లేని ఆ మనిషి ఎంజైమును తయారుచేసే సూచనను పురుగు గుడ్డులోనే పెట్టింది. కత్తెరలు తయారుచేసే వేళ పురుగు తనవాటితో పాటు మనదీ తయారు చేస్తుంది. దాన్ని ప్యూపానుంచి తీసి శుభ్రం చేసి, ఒక రకం చక్కెర తగిలిస్తే, ఆ చక్కెరను గుర్తుపట్టి పిల్ల కణాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. నేరుగా సంచిలోకి.

తట్టెడు గూళ్లతో, కంపెనీలు చెయ్యబోమన్న మందు! ఆ ఆలోచన వచ్చిన తలకాయకు దండం పెట్టాలనిపించింది. పెట్టలేదు. అలవాటు లేదు.

అయితే మీ ఏసీ గదుల్లో ఆ పురుగులు బతకలేదు. పెద్ద పెద్ద డిగ్రీలవాళ్లు తడి ఆకు పెట్టారు, కిటికీలు మూశారు. అందుకే కృపావతి పర్మిషన్ తెచ్చుకుని పురుగుల్ని నంజమ్మ ఇంట్లో పెట్టింది.

నంజమ్మ మా పెద్దమ్మ వరస. నలభై ఏళ్లుగా పట్టుపురుగులు మేపుతోంది. పురుగులింట్లోకి కొత్తవాళ్లను రానివ్వదు. పురుగులు మేస్తున్నన్ని రోజులూ ఆ ఇంట్లో తాళింపు వెయ్యరు, అగరొత్తి వెలిగించరు. కృపావతి మొదటిరోజు గడప దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం తల్లీ, సెంటు కొట్టుకోని వచ్చినావా? పురుగు ఆకు ముడతాదా ఇంక? పో, కడుక్కోని రా."

"సెంటు కాదు నంజమ్మ గారూ, సబ్బు."

"యా సబ్బైనా అంతే. బోరింగు ఆ పక్కనుండాది."

పీహెచ్‌డీ చేసిన మనిషి బోరింగు దగ్గర మెడ, మోచేతులు రుద్దుకుని, సున్నం చల్లిన గోనెపట్టా మీద కాళ్లు అద్దుకుని లోపలికొచ్చింది. మేం నవ్వాం. ఆమె కూడా నవ్వింది. మీ మండలిలో ఒక్కరైనా ఆ బోరింగు దగ్గర వంగుతారా?

మొదటి పంట గూళ్లు చూస్తే కడుపు నిండింది. తెల్లగా, గట్టిగా, ఒకే సైజు. నంజమ్మ ఊరందర్నీ పిలిచి చూపించింది. కృపావతి వాటిని ల్యాబుకు తీసుకెళ్లింది. వారం తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చింది. గూళ్లలో ఎంజైము లేదు. ఉన్నా జాడ మాత్రమే. నాలుగేళ్ల పని. ఖాదర్ గడప బయట నిలబడి వింటున్నాడు. గౌసియా అతని భుజం మీద నిద్రపోతోంది. అప్పటికే మింగడం కష్టమైపోయింది ఆ పిల్లకు.

నంజమ్మకు పౌరుషం వచ్చింది. "నా పంటలో తప్పు పడతావా మేడమ్మా? జబ్బువి ఒక్కటన్నా మిగిలిస్తినా? పసుప్పచ్చగా ఉబ్బినవి, ఆకు మెల్లగా మేసేవి, పాలరోగమని ఒక్కొక్కటీ ఏరి సున్నపుకుండలో ఏసినా. మంచివే నీకిచ్చినా."

కృపావతి చేతిలోని కాగితాలు కింద పెట్టింది.

"ఏవేవి ఏరారు?" అని అడిగింది.

నంజమ్మ మళ్లీ చెప్పింది. పసుపు. ఉబ్బు. మందకొడితనం. నాలుగోసారి చర్మం విడిచాక కనబడ్డాయి.

కృపావతి పెరట్లోకి పోయి సున్నపుకుండ బోర్లించింది. వేళ్లు మండుతున్నా లెక్కచెయ్యకుండా తెల్లగా ఎండిపోయిన పురుగుల్ని ఏరి గుడ్డలో కట్టుకుంది. ఆ తొలి గుడ్లలో కొన్నింటికే ఆ గుణం దిగింది. ఏ పురుగుకు దిగిందో అది మనిషి ఎంజైము బరువు మోస్తూ జబ్బుదానిలా కనబడింది. కావలసినవన్నీ కుండలో పడ్డాయి. మామూలువన్నీ చంద్రికలనే వెదురు తడకలెక్కి గూళ్లు కట్టాయి.

పంటను కాపాడాలని మేపేవాళ్లు చేసే పని అది. జబ్బు పురుగును ఏరకపోతే ఇల్లంతా అంటుకుంటుంది. నలభై ఏళ్ల నిష్ఠ ఆ రోజు మందును చంపింది. ఏరొద్దని చెప్పాలని కృపావతికి తట్టలేదు. ఇలా ఏరతానని చెప్పాలని నంజమ్మకు తట్టలేదు. తప్పు ఎవరిదని తేల్చే ఓపిక నాకు లేదు. కానీ ఒక్కటి చూశాను. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల మీదికి తొయ్యలేదు. నంజమ్మ గౌసియా పాదాలు పట్టుకుని ఏడ్చింది. కృపావతి ఆమెను లేపి, "మళ్లీ పెడదామండీ. చల్లగదిలో ఇంకా గుడ్లున్నాయి. ఈసారి ఆ పచ్చవే మనవి," అంది. అదీ శాస్త్రం. అదీ మర్యాద.

రెండో పంటకు నంజమ్మ సున్నపుకుండను దూలానికి కట్టేసింది. పచ్చగా ఉబ్బిన పురుగుల్ని విడి తట్టల్లో పెట్టి కూతుళ్లను మేపినట్టు మేపింది. చూసినవాళ్లంతా పంట పోయిందన్నారు. పురుగులు పల్చటి గూళ్లు కట్టాయి, ఉల్లిపొరల్లా. ఆ గూళ్లలో దారమే రాదు. ఆ పంటకు ఆమె ఇంటికి పట్టు లేదు. ఒక్కసారి కూడా నోరెత్తలేదు.

కోత మా షెడ్డులోనే జరిగింది. ఉడకబెడితే ఎంజైము చచ్చిపోతుంది కాబట్టి పొయ్యిలు ఆర్పేశాం. బతుకులో మొదటిసారి చల్లటి బేసిన్ల పక్కన కూర్చుని బ్లేడుతో గూళ్లు కోశాం. లోపలి ప్యూపా అరచేతిలో మెలికలు తిరిగేది. హనుమక్క బ్లేడు పక్కన పెట్టింది.

"ఉడికేటప్పుడు దీని మొగం మనకు కనపడకుండె గదమ్మే," అంది.

"గమ్మునుండు. కొయ్యి," అన్నాను. నేను కూడా దాని మొహం చూడకుండానే కోశాను.

పెద్దాసుపత్రి డాక్టర్లు మందును ఎలుకల మీద, తర్వాత ఇంకో రకంగా, పట్టిపట్టి పరీక్షించారు. వాళ్లనూ మెచ్చుకోవాలి, తొందరపడలేదు. తర్వాత గౌసియా నరంలోకి ఒకటి, వెన్నులోకి ఒకటి ఎక్కించారు. ఖాదర్ మంచం పక్క కుర్చీ వదిలి లేవలేదు. మహిమలేమీ జరగలేదు. మెల్లగా పొట్ట తగ్గింది. మెల్లగా గంజి మింగింది. ఎప్పటినుంచో పేరుకున్న చెత్తను ఆ కత్తెర ఒక్కటే ముక్క తర్వాత ముక్క కోసుకుంటూ పోయింది. ఒకరోజు షెడ్డులో నా చరకా పట్టుకుని నిలబడి, "నీళ్లు, అత్తా," అంది గౌసియా. గ్లాసు అందుకోబోయి దారం తెంపేశాను. పన్నెండు మంది ఆడవాళ్లం ఒకేసారి గ్లాసులు తెచ్చాం. ఆ పిల్ల బిత్తరపోయింది.

ఇక మీ సంగతి.

మందు పనిచేసిందని తెలిశాక మీ మీటింగుకు మేమూ వచ్చాం. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. తలుపు తెరిచే ఉంది, అంతా వినబడింది. మీలో ఒకాయన, "ఈ జబ్బు పిల్లలు దేశంలో ఎంతమందమ్మా?" అన్నాడు. కృపావతి, తెలిసినవాళ్లు తక్కువే, తెలియకుండా పోయేవాళ్లే ఎక్కువని చెప్పింది. "అంటే ఓ బస్సుకు సరిపోతారు," అన్నాడాయన. మిగతావాళ్లు నవ్వారు. ఇంకొకాయన మొదటి పంట ఫెయిలైంది కదా అని గుర్తుచేశాడు. అది ఎందుకు ఫెయిలైందో కృపావతి చెప్పబోతే టైము లేదన్నాడు.

"ఆ బస్సు లోయలో పడుంటే క్రేను తెప్పించరా సార్?" అని నేను వరండాలోంచి అరిచాను. గార్డు వచ్చి తలుపు మూశాడు.

ఆ తర్వాత కృపావతిని ఎక్కడికో సముద్రం ఒడ్డుకు బదిలీ చేశారు. రొయ్యల మేత మీద పరిశోధన అట. ల్యాబుకు తాళం వేశారు. చల్లగది కరెంటు తీసేశారు.

సూర్నారప్ప పదోనాడు తెల్లారి తలుపు సందులోంచి చూసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా, గుడ్లు నల్లబడినాయి. కదులుతాండాయి!" అన్నాడు. పొద్దుటి వెలుతురు పడగానే పగలడం వాటి గుణం. మేం గోడ దూకాం. అవును, దూకాం. కిటికీ ఊచ వంచింది నేనే. కాగితాల నిండా నల్లటి వెంట్రుక ముక్కల్లాంటి పురుగులు, తలలెత్తి ఆకు కోసం వెతుక్కుంటున్నాయి. నంజమ్మ కోడి ఈక తీసి ఒక్కొక్క కాగితం మీదినుంచి మెత్తగా దులిపి తట్టల్లోకి దించింది. ఊళ్లో ఏ తోటలో లేత ఆకుంటే ఆ తోటవాళ్లు కోసుకొచ్చారు. ఎవరి తోటని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నానికి ఇల్లిల్లూ పురుగులిల్లయింది. ఊరంతా తాళింపులు మానేసింది. రంజాను నెల. ఖాదర్ వాళ్ల వీధిలో పొద్దుగూకాక ఉపవాసం విడిచేటప్పుడు కూడా మసాలా వాసన రానివ్వలేదు. ఉడకబెట్టిన శనగలు, ఖర్జూరాలతో సరిపెట్టుకున్నారు.

కృపావతి సెలవు పెట్టి బస్సులో వచ్చింది. గడప దగ్గరే ఆగి తనే బోరింగు వైపు నడిచింది. "దండం తల్లీ, ఈపొద్దు అట్లనే రా," అంది నంజమ్మ. ఆమె వినలేదు. కడుక్కునే వచ్చింది.

ఇది దొంగతనమని మీరు నోటీసు పంపారు. మార్చిన పురుగును ఊళ్లోకి వదిలారని అన్నారు. గూడులోంచి వచ్చే పట్టుచిమ్మటకు ఎగరడం రాదు. మనిషి ఆకు పెట్టకపోతే పట్టుపురుగు బయట బతకదు. ఈ మాట మీ పాత అనుమతిలోనే రాసి ఉందని కృపావతి చెప్పింది. అయినా ఒక్క గుడ్డు, ఒక్క చిమ్మట ఊరు దాటకుండా ప్రతి ఇంటికీ వల బిగించాం. నేరమైతే కేసు పెట్టుకోండి. కోర్టులు నాకు కొత్త కాదు.

ఇప్పుడు పురుగులన్నీ చంద్రికలెక్కి గూళ్లు కట్టాయి. లోపల ఒళ్లు కరిగించుకుని రెక్కలు కట్టుకునే పనిలో ఉన్నాయి. కత్తెరలు కుప్పలుగా ఉండే వేళ ఇదే. చిమ్మట గూడు చీల్చుకుని బయటికొస్తే ఇక ఏమీ మిగలదు. ప్యూపాను కోసేందుకు మా బ్లేడ్లు ఉన్నాయి. ఎంజైమును శుభ్రం చేసే యంత్రం మాత్రం మీ తాళం వెనక ఉంది.

మందు ఆగిపోయాక గౌసియా పొట్ట మళ్లీ ఉబ్బింది. 'చరకా' మళ్లీ పోయింది. నిన్న నా పేరు పోయింది. ఈ పొద్దున గూళ్ల తట్టలన్నీ మీ గేటు ముందుకు తెచ్చి, పిల్లను వాటి పక్కన కూర్చోబెట్టాం. ఒక గూడు తీసి చెవి దగ్గర ఊపుకుంది. గూడు పండితే లోపలి ప్యూపా చిన్నగా కొట్టుకుంటుంది, ఎండిన గింజలా. ఆ పిల్ల మొహం వెలిగింది. ఏదో చెప్పాలని చాలా వెతుక్కుంది. చివరికి ఒక్క మాట దొరికింది.

"ఉంది," అంది.

విన్నారా? ఉంది. కృపావతిని వెనక్కి పిలవండి. చల్లగదికి కరెంటు ఇవ్వండి. విత్తనానికి వదిలే చిమ్మటల గుడ్లను మేపే చేతులకు అప్పగించండి. అవన్నీ రేపు మాట్లాడుకుందాం. గూళ్లు ఆగవు, చిమ్మట ఆగదు, ఆ పిల్ల జబ్బు ఆగదు. గేటు దగ్గరున్నాం. ఇప్పుడే వచ్చి తాళం తియ్యండి.